టెలిఫోటో జూమా, మాక్రో ప్రైమా? డబ్బు ఒక్కదానికే ఉంది

కోరంగి_కెమెరా
కాకినాడలో ఉంటాను. కానన్ 200డీ కెమెరా, దానితో వచ్చిన 18-55 మి.మీ. కిట్ లెన్సు, అంతే నా ఆస్తి. చేతిలో ముప్పై అయిదు వేలు ఉన్నాయి, ఒక్క లెన్సు కొనగలను. సెలవు రోజున కోరంగి మడ అడవిలో చెక్క వంతెన మీద పిట్టల కోసం తిరుగుతాను. మిగతా రోజుల్లో పెరట్లో బెండ మొక్కల మీద సీతాకోకచిలుకలు, గోడ మీద గెంతే సాలీళ్ళు, వాన పడితే నత్తలు. రెండూ ఇష్టమే. దూరంగా ఉన్నవాటిని దగ్గరగా చూపించే 55-250 ఎస్‌టీఎం జూమ్ కొత్తది తీసుకోవాలా, చిన్నవాటిని పెద్దగా చూపించే 100 మి.మీ. ఎఫ్/2.8 మాక్రో (ప్రైమ్, అంటే జూమ్ కానిది), అదే కానన్ ఖరీదైన లెన్సులకు ఉండే ఎర్ర గీత లేని పాత రకం, వాడినది తీసుకోవాలా? దుకాణంలో అడిగితే "మాక్రో పెళ్ళి ఫొటోగ్రాఫర్లు ఉంగరాలు తీయడానికి కొనుక్కుంటారు, మీకెందుకు?" అన్నారు. మా ఆఫీసులో ఒకాయన "జూమ్‌లన్నీ పిల్లల ఆటబొమ్మలు" అని తేల్చేశారు. ఇద్దరి మాటా నమ్మబుద్ధి కాలేదు.

నల్లమల_నడక
కిట్ లెన్సుతో ఇంతవరకు తీసినవి ఒకసారి తిరగేయండి. 55 దగ్గర ఆగిపోయి ఇంకాస్త దూరం అందితే బాగుండు అనిపించినవి ఎక్కువా, ఫోకస్ కుదరక ఇంకాస్త దగ్గరికి వెళ్ళగలిగితే బాగుండు అనిపించినవి ఎక్కువా?

కోరంగి_కెమెరా
చూశాను. సరిగ్గా సగం సగం. అందుకే ఈ గోల.

లెన్సు_వ్యసనం
మాక్రో తీసుకోండి. ఆలోచించడానికి ఏమీ లేదు. 100 మాక్రో పాతదైనా మూలల దాకా స్పష్టంగా చూపిస్తుంది. ఎఫ్/2.8, అంటే బాగా తెరుచుకుని ఎక్కువ వెలుగు రానిస్తుంది కాబట్టి మనుషుల ముఖాలకూ పనికొస్తుంది. మీ కెమెరా సెన్సర్ చిన్నది కాబట్టి దాని మీద అది పెద్ద సెన్సర్ కెమెరాలోని 160 మి.మీ.తో సమానం, పిల్లలు ఆడుకుంటుంటే వాళ్ళ జోలికి వెళ్ళకుండా తీసుకోవచ్చు. 55-250 చివరి కొసలో ఎఫ్/5.6, వెలుగు తక్కువ వస్తుంది. పొద్దు వాలితే ఐఎస్ఓ, అంటే సెన్సర్ వెలుగును పట్టే సున్నితత్వం, ఆకాశానికి పెంచాలి. పిట్టలకు 250 ఎటూ చాలదు. చాలని దానికి డబ్బు పోయడం ఎందుకు?

గూడబాతు
250 చాలదు కాబట్టి 100 కొనమంటున్నారు. తర్కం బాగుంది వ్యసనం గారూ.

లెక్క చూద్దాం. ఇరవై మీటర్ల అవతల కొమ్మ మీద తెల్లరొమ్ము లకుముకి పిట్ట ఉంది. ముక్కు నుంచి తోక దాకా సుమారు 28 సెంటీమీటర్లు. 250 దగ్గర సెన్సర్ మీద దాని బొమ్మ మూడున్నర మిల్లీమీటర్లు పడుతుంది. సెన్సర్ వెడల్పు 22 మిల్లీమీటర్లు. అంటే ఫ్రేములో ఆరో వంతు, కత్తిరించుకుంటే పనికొస్తుంది. అదే 100తో తీస్తే పదహారో వంతు. అది పిట్టో, మడ చెట్టు కాయో ఫొటో కింద రాసుకోవాలి.

కోరంగి_కెమెరా
ఆరో వంతు అంటే నాకు ఆనందమే. ఇప్పుడు 55తో తీస్తే అసలు పిట్ట ఎక్కడుందో వెతుక్కోవాల్సి వస్తోంది.

గూడబాతు
పెద్ద పిట్టలకైతే 250 హాయిగా సరిపోతుంది. గుంటూరు దగ్గర ఉప్పలపాడులో చెరువులో చెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు గుంపులుగా కూర్చుంటాయి. కొల్లేరులో ఆటపాక, సిక్కోలులో తేలినీలాపురం కూడా అంతే. అక్కడ ఒక్క పిట్ట కంటే గుంపు ఫొటోకే అందం, దానికి 100కూ 200కూ మధ్య మార్చుకునే వీలు ఉండాలి. తేనెపిట్ట, గిజిగాడు లాంటి చిన్నవాటికి మాత్రం 400 ఉన్నా ఏడుపే.

ఎగిరే పిట్టకు షట్టర్ వేగం 1/1000 సెకను కంటే తగ్గించకండి. ఉదయం ఏడు నుంచి తొమ్మిది మధ్య వెలుతురు ఉన్నంతసేపు ఎఫ్/5.6తో సమస్య లేదు. బావురు పిల్లి కనిపిస్తుందని మాత్రం ఆశపడకండి. కోరంగిలో అవి ఉన్నాయి, కానీ రాత్రి తిరుగుతాయి. అప్పుడు ఏ లెన్సూ కాపాడదు.

ఆరుద్ర_కార్తె
బడిలో జీవశాస్త్రం చెబుతాను, ఫొటోలు పిల్లలకు చూపించడానికే తీస్తాను. కాబట్టి లెన్సు పేరు కాకుండా ఫ్రేములో ఎన్ని మిల్లీమీటర్లు పడతాయో అడుగుతాను.

55-250 ఎస్‌టీఎం 85 సెంటీమీటర్ల దగ్గర ఫోకస్ చేయగలదు. అప్పుడు వస్తువు అసలు పరిమాణంలో 0.29 వంతు సెన్సర్ మీద పడుతుంది. తిప్పి చెబితే, ఫ్రేము వెడల్పులో దాదాపు 77 మిల్లీమీటర్ల జాగా పడుతుంది. మీ బెండ మొక్క మీద వాలే సీతాకోకచిలుక రెక్కలు విప్పితే ఏడెనిమిది సెంటీమీటర్లు. తూనీగ కూడా ఇంచుమించు అంతే. అంటే జూమ్‌తోనే ఫ్రేము నిండిపోతుంది. అదీ అర మీటరుకు పైగా దూరం నుంచి, అది ఎగిరిపోకుండా! సీతాకోకచిలుకలకు మాక్రో తప్పనిసరి అనేది కొనిపించడానికి చెప్పే మాట.

మీరు గెంతే సాలీడు అన్నారు చూశారా, అక్కడ లెక్క మారిపోతుంది. దాని ఒళ్ళు మొత్తం అయిదారు మిల్లీమీటర్లు. 77 మిల్లీమీటర్ల ఫ్రేములో అది చుక్క. 1:1 మాక్రోలో, అంటే వస్తువు అసలు పరిమాణంలోనే సెన్సర్ మీద పడినప్పుడు, ఫ్రేము వెడల్పు 22 మిల్లీమీటర్లే, కాబట్టి అందులో నాలుగో వంతు ఆక్రమిస్తుంది. ముందు వరుసలోని రెండు పెద్ద కళ్ళలో మీ కెమెరా నీడ కూడా కనిపిస్తుంది.

ఆరుద్ర పురుగు సంగతీ అంతే. తొలకరి తర్వాత ఎర్ర మఖమలు ఒంటితో ఇసుక నేల మీద నడిచే ఆ పురుగు సెంటీమీటరు ఉంటే గొప్ప. జూమ్‌తో తీస్తే ఎర్ర బొట్టు, మాక్రోతో తీస్తే ఒంటి మీద వెంట్రుకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టవచ్చు. పాపం అది ఎగరదు, పరుగెత్తదు. పదిహేను సెంటీమీటర్ల దగ్గరికి వెళ్ళినా పట్టించుకోదు. బురదలో బోర్లా పడుకోవాల్సింది మనమే.

నల్లమల_నడక
టీచరు గారి పోస్టును ఈ చర్చ మొదట్లో అతికించాలి.

లెన్సు_వ్యసనం
లెక్కలు సరే. కానీ 85 సెంటీమీటర్ల నుంచి 250తో తీసిన సీతాకోకచిలుకకూ, మాక్రోతో తీసినదానికీ తేడా చూసినవాళ్ళకు తెలుస్తుంది. రెక్క మీది పొలుసులు కనబడతాయా మీ జూమ్‌లో?

ఆరుద్ర_కార్తె
కనబడవు. పొలుసులు కావాలంటే మాక్రోయే. నేను కాదనలేదే! అడిగిన మనిషికి పొలుసులు కావాలో సీతాకోకచిలుక కావాలో ఆయనే చెప్పాలి.

శిల్పాల_వెంట
పురుగులూ పిట్టలూ తప్ప లోకంలో ఇంకేమీ లేనట్టు మాట్లాడుతున్నారు. నా ఓటు జూమ్‌కు. రామప్ప గుడికి వెళ్ళండి. చూరు కింద నల్లరాతి మదనికలు తల ఎత్తి చూస్తే గానీ కనిపించవు. కిట్ లెన్సుతో తీస్తే గుడి మొత్తం వస్తుంది, మదనిక నగల పనితనం రాదు. 200 దగ్గర పెట్టి స్తంభానికి ఆనుకుని తీస్తే నడుము మీది గొలుసు వరసలు కూడా విడివిడిగా వస్తాయి. లేపాక్షిలో పైకప్పు చిత్రాలకూ అదే మందు. అక్కడ మాక్రో పట్టుకుని ఏం చేస్తారు, గుడి గోడ మీది చీమలను తీస్తారా?

లెన్సు_వ్యసనం
చీమలనే తీస్తాను. రామప్పలో చీమలు కూడా కాకతీయుల కాలం నాటివే.

మూడో_అంతస్తు
జూమ్ కొనేవాళ్ళకు ఒక హెచ్చరిక. మా బాల్కనీకి ఎదురుగా ఈత చెట్టు మీద గిజిగాడు గూడు అల్లుతుంటే 55-250తో తీస్తూ కూర్చున్నాను. ఎదురింటావిడ చటుక్కున కర్టెన్లు వేసుకున్నారు. సాయంత్రానికి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో నేనే విషయం. గూడు ఫొటోలు అందరికీ పంపి బయటపడ్డాను. మాక్రోతో ఈ బాధ లేదు.

కోరంగి_కెమెరా
ఇది మాత్రం ఏ సమీక్షలోనూ రాయలేదు!

పాత_బంగారం
రెండూ ఒకే లెన్సులో కావాలంటే పాత తామ్రాన్ 70-300 మాక్రో ఉంది. 180 నుంచి 300 మధ్య మాక్రో మీట నొక్కితే 1:2 దాకా వెళ్తుంది, అంటే ఫ్రేములో 45 మిల్లీమీటర్లు. వాడినది చాలా చౌకగా దొరుకుతుంది. మిగిలిన డబ్బుతో కోరంగికి ఎన్నిసార్లయినా వెళ్ళి రావచ్చు.

గూడబాతు
అందులో చెయ్యి వణుకును సరిచేసే స్టెబిలైజేషన్ లేదు. 300 దగ్గర చేత్తో పట్టుకుంటే ఊగిసలాట. పైగా ఆకాశం ముందు కొమ్మల అంచులకు ఊదా రంగు పులుముతుంది. కానన్ 55-250లో స్టెబిలైజేషన్ ఉంది, బరువు కూడా తక్కువ. చౌక అని రెండు పడవల మీద కాళ్ళు పెట్టవద్దు.

పాత_బంగారం
నా దగ్గర ఉన్నది ట్రైపాడ్ మీద బాగానే పనిచేస్తోంది. ఊదా రంగు కంప్యూటర్లో తీసేస్తే పోతుంది. అందరికీ కొత్త డబ్బాలే కావాలి.

డల్లాస్_డాబా
ఇక్కడ మా పెరట్లో తేనె తాగడానికి వచ్చే హమ్మింగ్‌బర్డ్‌లను కానన్ ఆర్ఎఫ్ 100-400తో తీస్తున్నాను. 400 దగ్గర 0.41 వంతు దాకా వెళ్తుంది. పిట్టా పురుగూ రెండూ ఒకే లెన్సులో. అది చూడరాదా?

నల్లమల_నడక
ఆయనది 200డీ, కానన్ మిర్రర్‌లెస్ కెమెరాల కోసం చేసిన ఆర్ఎఫ్ లెన్సు దానికి బిగియదు. కెమెరా కూడా మార్చాలి. ముప్పై అయిదు వేలు అని మొదటి పోస్టులోనే ఉంది డాబా గారూ.

డల్లాస్_డాబా
చూసుకోలేదు. కొనసాగించండి.

మధ్యే_మార్గం
ఇంతసేపు ఎవరూ రేనాక్స్ పేరు ఎత్తకపోవడం ఆశ్చర్యం. లెన్సు ముందు మూతలాగా బిగించే చిన్న అద్దం అది. డీసీఆర్-150, డీసీఆర్-250 అని రెండు రకాలు. రెండు పక్కలా మీటలు నొక్కి తగిలిస్తే ముందు వైపు ఫిల్టర్ బిగించే మర 52 నుంచి 67 మిల్లీమీటర్లు ఉన్న ఏ లెన్సుకైనా పడుతుంది. 55-250కి 58, సరిపోతుంది.

జూమ్‌ను 250 దగ్గర, ఫోకస్‌ను అనంతం దగ్గర పెట్టి 150 రకం తగిలిస్తే 1.2 రెట్లు వస్తుంది. 100 మాక్రో 1:1తో ఆగిపోతుంది, ఇది దాన్ని దాటుతుంది. పురుగుకూ అద్దానికీ మధ్య దూరం కూడా ఎక్కువే, దాదాపు ఇరవై సెంటీమీటర్లు. డీసీఆర్-250 అయితే రెండు రెట్లు వస్తుంది, కానీ దూరం పన్నెండు సెంటీమీటర్లకు పడిపోతుంది, చేత్తో పట్టుకుని తీయడం కష్టం. మొదట 150తో మొదలుపెట్టండి. జూమ్ కొత్తది కొన్నా ఇది కూడా మీ డబ్బులో వచ్చేస్తుంది.

లెన్సు_వ్యసనం
దాని సొట్టలు కూడా చెప్పండి. జూమ్ వెనక్కి లాగితే మూలలు నల్లబడతాయి. అంచులు మెత్తబడతాయి. ఫోకస్ అందే దూరం ఇంతే అని గిరి గీసేస్తుంది. తగిలించి ఉన్నప్పుడు పక్కన పిట్ట వాలినా తీయలేరు, అద్దం ఊడదీయాలి. మాక్రో లెన్సు అయితే సాలీడు నుంచి తల ఎత్తి వెంటనే ఎదురుగా ఉన్న మనిషిని తీయవచ్చు.

మధ్యే_మార్గం
అన్నీ నిజమే. సాలీడు ఫ్రేము మధ్యలో ఉంటుంది కాబట్టి అంచుల మెత్తదనం నాకు అడ్డు రాలేదు. అద్దం తీసి జేబులో వేసుకోవడానికి పట్టేది రెండు క్షణాలు. సమతలంగా ఉన్నవి, అంటే పోస్టల్ బిళ్ళలు, నాణేలు తీసేవాళ్ళయితే వ్యసనం గారి మాట వినాలి. మా అక్క ఇంట్లో చేసిన జుంకాలు అమ్ముతుంది. వాటికి ఆమె దగ్గర ఉన్నది అసలైన మాక్రోయే. అంచు దాకా గీత వంకర పోకూడదు కదా.

రేకు_డబ్బా
లెన్సు గురించి ఇంత కొట్టుకుంటున్నారు గానీ వెలుతురు గురించి ఎవరూ అడగరు. 1:1 దగ్గర ఎఫ్/11 పెట్టినా, స్పష్టంగా వచ్చే మందం ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. సాలీడు కళ్ళు వస్తే కాళ్ళు మసక. సరే అని ఎఫ్/11 పెట్టారు. అంత దగ్గరలో సెన్సర్‌కు చేరే వెలుగు ఎఫ్/22 పెట్టినంతే ఉంటుంది. నీడలో ఉన్న బెండాకు కింద షట్టర్ ఏ పదో వంతు సెకనుకో పడిపోతుంది. గాలి వీస్తే అంతా పాయసం. ఎఫ్/2.8 మాక్రో అని గొప్ప చెప్పుకునేవాళ్ళు మాక్రో తీసేటప్పుడు ఎఫ్/2.8 వాడనే వాడరు.

కాబట్టి ఫ్లాష్. 200డీలో ఉన్న చిన్న ఫ్లాష్ చాలు మొదట్లో. దాని వెలుగు నేరుగా పడితే లెన్సు నీడ కిందికి వస్తుంది, పురుగు వీపు మీద తెల్లటి మచ్చ పడుతుంది. ఇంట్లో పడి ఉన్న శుభలేఖల్లో దళసరి అట్ట ఒకటి తీసుకోండి. లోపలి వైపు వెండి కాగితం అంటించి, ఫ్లాష్ నుంచి లెన్సు కొస దాకా వచ్చేలా గొట్టం చేయండి. కొసన బటర్ పేపర్ రెండు పొరలు. రబ్బరు బ్యాండుతో కట్టేయండి. షట్టర్ 1/200, ఎఫ్/11, ఐఎస్ఓ 200. ఫ్లాష్ వెలిగే క్షణం చాలా చిన్నది, చెయ్యి వణికినా తెలియదు. మాక్రోలో స్టెబిలైజేషన్ ఉందా లేదా అన్న బెంగ కూడా అక్కడితో తీరిపోతుంది. మా ఇంట్లో ఇంకా ఎవరి పెళ్ళి శుభలేఖ వచ్చినా ముందు అట్ట మందం చూస్తాను, ముహూర్తం తర్వాత.

మూడో_అంతస్తు
శుభలేఖలో గణపతి బొమ్మ ఏ వైపు పెట్టాలి?

రేకు_డబ్బా
బయటి వైపు. పురుగుకు కాదు, ఫొటో తీసేవాడికే అవసరం.

కోరంగి_కెమెరా
ఒక అనుమానం. పురుగులను కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే కదలవని ఎక్కడో చదివాను. చేయవచ్చా?

ఆరుద్ర_కార్తె
వద్దు. చలికి బిగుసుకున్న పురుగు కాళ్ళు ముడుచుకుని కూర్చుంటుంది, తెలిసినవాళ్ళు ఫొటో చూడగానే పట్టేస్తారు. కొన్ని చచ్చిపోతాయి కూడా. తెల్లవారుజామున మంచు ఆరకముందు పెరట్లోకి వెళ్ళండి, ఎండ తగిలేదాకా అవి ఎటూ కదలవు. గూళ్ళ దగ్గర కూడా ఇదే మాట. కొమ్మలు పక్కకు లాగి గూడు ఫొటో తీసి వెళ్ళిపోతే, ఆ తర్వాత కాకికి దారి చూపించినవాళ్ళం మనమే అవుతాం.

విశాఖ_తేమ
వాడిన మాక్రో అన్నారు కాబట్టి ఒక మాట. సముద్రం పక్కన ఉన్నవాళ్ళకు లెన్సులో బూజు పెద్ద శత్రువు. మా ఊళ్ళో ఒక దుకాణంలో వాడిన లెన్సు కొన్నాను, పైకి కొత్తదానిలా మెరిసిపోతోంది. ఇంటికి వచ్చి టార్చి వేసి చూస్తే లోపలి అద్దం అంచున సన్నటి తెల్లని పోగులు. తిరిగి తీసుకోనన్నారు. కొనేముందు అపర్చర్, అంటే లెన్సు లోపల వెలుగు వచ్చే రంధ్రం, పూర్తిగా తెరిచి, ఒక వైపు నుంచి ఫోను టార్చి వేసి, రెండో వైపు నుంచి ఏటవాలుగా చూడండి. నేరుగా చూస్తే కనిపించదు.

ఏ లెన్సు కొన్నా గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. నీలం గింజలు గులాబీ రంగులోకి మారితే తేమ పీల్చేశాయని అర్థం. సన్న సెగ మీద వేడి చేస్తే మళ్ళీ నీలం అవుతాయి. వంట మూకుడులో మాత్రం వేడి చేయకండి, వాటికి పూసే రంగు విషం. తోలు సంచిలో పెట్టి బీరువాలో దాచడం అంటే బూజును మేపడమే.

పాత_బంగారం
అద్దెకు తీసుకోవడం ఎవరూ చెప్పలేదు. రెండూ తలో రెండు రోజులు అద్దెకు తెచ్చుకుని చూస్తే ఈ చర్చ ఇంత పొడుగు అయ్యేది కాదు.

కోరంగి_కెమెరా
అడిగాను. మా ఊళ్ళో పెళ్ళిళ్ళ లెన్సులే అద్దెకు ఇస్తున్నారు, పైగా లెన్సు ధరంత డిపాజిట్ కట్టమంటున్నారు.

మీ మాటలన్నీ చదివాక జూమ్ వైపు మొగ్గాను. 55-250 కొత్తది, రేనాక్స్ 150, మిగిలితే బయటి ఫ్లాష్. టీచరు గారి 77 మిల్లీమీటర్ల లెక్క చూశాక స్కేలు పట్టుకుని పెరట్లోకి వెళ్ళాను. నేను తీసేవాటిలో సాలీడు, నత్త పిల్ల తప్ప అన్నీ అందులో పట్టేస్తున్నాయి. వ్యసనం గారికి కోపం రాకూడదు.

లెన్సు_వ్యసనం
కోపం ఎందుకు? రెండేళ్ళలో మీరే మాక్రో కొంటారు. అప్పుడు ఎర్ర గీత ఉన్నది కొనండి, దానిలో స్టెబిలైజేషన్ ఉంది. ఈలోగా రేనాక్స్ తగిలించినప్పుడు ఆటోఫోకస్ ఆపేయండి, లేకపోతే మోటారు అటూ ఇటూ తిరుగుతూ సాలీడును విసిగిస్తుంది. ఫోకస్ ఒకచోట కదలకుండా పెట్టి, మీరే ముందుకూ వెనక్కూ ఊగుతూ కళ్ళు స్పష్టమైన క్షణాన నొక్కండి. మోచేతులు నేలకో గోడకో ఆనించాలి.

మధ్యే_మార్గం
వ్యసనం గారు రేనాక్స్ చిట్కా చెప్పారు! ఈ రోజు తారీఖు రాసి పెట్టుకోండి.

కొత్తగా_చేరాను
ఇదే ప్రశ్న నాకూ ఉంది, కానీ నాది నికాన్ డీ3200. 70-300 చూస్తున్నాను. ఏఎఫ్-పీ అని ఉన్నది చౌకగా ఉంది, తీసుకోవచ్చా?

గూడబాతు
వద్దు. డీ3200 మీద ఏఎఫ్-పీ లెన్సు ఫోకస్ చేయదు, చేత్తో తిప్పినా పనిచేయదు. ఏఎఫ్-ఎస్ అని రాసి ఉన్నది చూడండి. మాక్రో వైపు వెళ్ళినా అంతే, ఏఎఫ్-డీ రకం పాత 105 కొంటే మీ కెమెరాలో ఫోకస్ తిప్పే మోటారు లేదు కాబట్టి ఫోకస్ చేత్తోనే చేసుకోవాలి. మిగతావి అడగాలంటే కొత్త చర్చ మొదలుపెట్టండి, ఇక్కడ అందరూ కానన్ వాళ్ళే, మిమ్మల్ని మతం మార్చేస్తారు.